ఇంటిపేరు లేని దీవి

మియాపూర్ మెట్రో మెట్లు దిగగానే ఎడమ పక్కన చెరకు రసం బండి ఉంటుంది. గడను యంత్రంలోకి తోసినప్పుడల్లా గజ్జెలు గలగలమంటాయి. అల్లం ముక్క, నిమ్మచెక్క కలిసి నలిగిన పచ్చి వాసన మెట్ల మీదికి ఎగదన్నుకొస్తుంది. మొన్న ఆఫీసు నుంచి వస్తూ ఒక గ్లాసు చెప్పబోయి అలాగే నిలబడిపోయాను. వెనక ఎవరో "జర జరుగుండ్రి మేడమ్" అంటే జరిగాను గానీ, రసం మాత్రం తాగలేదు. దేవికగారు గుర్తొచ్చారు. ఈ వాసన అంటే ఆవిడకు పడేది కాదు. మీకిది దాహం తీర్చే వాసన, మా నాయనమ్మకు మాత్రం ఒళ్ళునొప్పుల వాసన అనేవారు. అని, రెండు గ్లాసులు తాగేసేవారు. ఆవిడ గుర్తొస్తే నాకు ముందు కలిగేది సిగ్గు. ప్రేమ కూడా ఉంది, చాలా ఉంది, కానీ అది సిగ్గు వెనకాలే నిలబడి ఉంటుంది.

దేవికగారు మారిషస్ మనిషి. పూర్తి పేరు దేవిక సింహాద్రి. నానక్‌రామ్‌గూడలో మా కంపెనీకి ఒక అంతస్తు ఉంది. ప్రపంచంలోని ఒక్కో దేశం మీద ఒక్కో పుస్తకం తయారు చేసి విదేశీ పెట్టుబడిదారులకు పంపడం అక్కడ మా పని. భూగోళం, చరిత్ర, ఆర్థిక పరిస్థితి అన్నీ అందులో ఉండాలి. ఇల్లు కదలకుండా ఏ దేశం గురించైనా చెప్పగలిగే మొనగాళ్ళం మేము. మా పుస్తకాల్లో తప్పులు ఎక్కువవుతున్నాయని, మాకు పని నేర్పడానికి మారిషస్ ఆఫీసు నుంచి ఆవిడను ఏడాది పాటు పంపారు. కొత్త బాసు విదేశీయురాలని ఇంగ్లీషు సరిచూసుకుని కూర్చున్నాం. ఆవిడ చీరకట్టుతో వచ్చి, అందరికీ దణ్ణం పెట్టి, తెలుగులో మాట్లాడారు.

ఆ తెలుగు మేమెవరమూ వినని తెలుగు. సగం సాయంత్రపు బడిలో పుస్తకం పెట్టుకుని నేర్చుకున్నది, సగం నాయనమ్మ ఒళ్ళో పడుకుని విన్నది. రెంటికీ మధ్య వంతెన లేదు. ఒకనాడు సాయంత్రం నా కుర్చీ పక్కన ఆగి, "ఏటి సుధా, మీరు ఇంకను గృహమునకు పోలేదా?" అని అడిగారు. ఆవిడ అటు తిరగ్గానే మా వరుస వరుసంతా కిసుక్కుమంది. నేనూ నవ్వాను. మధ్యాహ్నం అన్నం దగ్గర ఆవిడను అనుకరించడంలో నాదే పైచేయి. ఆ 'ఏటి' మా అనకాపల్లి వైపు మాటే. మా నాయనమ్మ పోయాక మా ఇంట్లో ఎవరూ దాన్ని పలకలేదు. హైదరాబాదు వచ్చాక దాన్ని మేమే జాగ్రత్తగా వదిలించుకున్నాం. మేము వదిలించుకున్నది ఆవిడ సముద్రాలవతల ఇంతకాలం దాచిపెట్టుకున్నారని అప్పట్లో నాకు తట్టలేదు.

ఆవిడ వచ్చిన కొద్దిరోజులకే మారిషస్ పుస్తకం నా వంతుకొచ్చింది. మా పుస్తకాలన్నింటికీ అచ్చు ఒకటే, గళ్ళు ఒకటే. ఒక గడిలో 'ఆదిమ తెగలు, వారి ప్రస్తుత స్థితి' అని ఉంటుంది. ఎంత వెతికినా నాకేమీ దొరకలేదు. దొరకనప్పుడు ఏం చెయ్యాలో నాకు పదో తరగతిలోనే నేర్పారు. మా సోషల్ మాస్టారు పరీక్షకు ముందు ఒకటే మాట చెప్పేవారు: ఖాళీ వదలకండిరా, ఏదో ఒకటి రాయండి, దిద్దేవాడికి జాలన్నా పుడుతుంది. ఈ మంత్రంతోనే మేమంతా ఇంజనీర్లమయ్యాం. కాబట్టి నేనూ రాశాను. ఆ దీవిలోని ఆదిమ తెగలు చేపల వేట మీద ఆధారపడేవారని, వలస పాలనలో కొండప్రాంతాలకు తరలిపోయారని, ప్రస్తుతం వారి సంఖ్య తగ్గుతోందని నాలుగు వాక్యాలు కుదురుగా రాశాను. చదివితే కళ్ళు చెమర్చేలా ఉంది.

దేవికగారు నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. నేను రాసిన నాలుగు వాక్యాలనూ నిదానంగా పైకి చదివారు. కోపం లేదు, వెటకారం అసలే లేదు.

"సుధా, మా దీవిలో మొదట ఎవరూ లేరు. పక్షులు ఉండేవి," అన్నారు.

చెవులు వేడెక్కిపోయాయి. ఆ గడిలో ఏం రాయమంటారని అడిగితే, 'లేరు' అని రాయమన్నారు. ఆ తర్వాత చెప్పిన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "'లేదు' అన్నది సమాచారము. 'తెలియదు' అన్నది కూడా సమాచారమే. మీరు వ్రాసినది మాత్రము కాదు."

ఆ మధ్యాహ్నం ఆవిడ మా జట్టునంతా చిన్న గదిలో కూర్చోబెట్టి బోర్డు మీద తన దీవిని గీశారు. మామిడికాయలా ఉంది. చుట్టూ ఒక గీత గీసి, అది పగడాల గోడ అని, సముద్రపు పోటును అదే ఆపుతుందని చెప్పారు. నేలంతా అగ్నిపర్వతం కక్కిన నల్లరాయి. ముందు డచ్చివాళ్ళొచ్చారు, ఎగరలేని పక్షిని లేకుండా చేసి, చెరకునూ జింకలనూ దించి వెళ్ళిపోయారు. తర్వాత ఫ్రెంచివాళ్ళు ఆఫ్రికా నుంచి మనుషులను బానిసలుగా తెచ్చారు. ఆ తర్వాత ఇంగ్లీషువాళ్ళు. బానిసత్వం రద్దయింది, చెరకు మాత్రం రద్దు కాలేదు. దాన్ని కొట్టడానికి మన దేశం నుంచి కూలీలను ఓడల్లో పట్టుకెళ్ళారు. కాకినాడ పక్కన కోరంగి రేవులో ఎక్కిన తెలుగువాళ్ళను అక్కడ కోరంగీలనే పిలిచేవారట. పొలంలో రాళ్ళు ఏరి కుప్పలు పోస్తేగాని చెరకు నాటడానికి చోటుండదు. ఆ నల్లరాళ్ళ గుట్టలు చేల మధ్యన ఇప్పటికీ ఉన్నాయని, తన నాయనమ్మ వాటిని చూపించి, అదిగో మీ ముత్తాత కట్టిన గోపురం అనేదని చెప్పి నవ్వారు.

చక్కెర ఒక్కటే నమ్ముకుంటే తుఫాను వచ్చినప్పుడల్లా దేశం మొత్తం పస్తులే. అందుకని బట్టలు కుట్టే మిల్లులు పెట్టారు. ఆడవాళ్ళు మొదటిసారి జీతం తెచ్చుకున్నది అక్కడే. దేవికగారి అమ్మ కూడా చొక్కాలకు కాలర్లు కుట్టేవారు. తర్వాత హోటళ్ళు, తెల్లటి ఇసుక, హనీమూన్ జంటలు వచ్చాయి. ఆ తర్వాత ఒకే గది చిరునామాతో బోలెడన్ని కాగితం కంపెనీలు. చెరకు తోటలు కొట్టేసి సైబర్ సిటీ కట్టారు. ఆవిడ ఆఫీసు అందులోనే, ఎబెన్ అనే చోట. అన్నం మాత్రం ఇప్పటికీ బయటి బియ్యంతోనే. మేము తియ్యనిది పండించి అమ్మి కడుపు నింపేది కొనుక్కుంటామని చెప్పారు. అప్పుడు మా యాదగిరి అడిగాడు. వాడిది సంగారెడ్డి దగ్గర పల్లె, నోట్లో మాట దాగదు.

"మరి మేడమ్, గా దీవిల లోకల్ ఎవరు? ఎవరో ఒకరు ఉండాలె గద."

"ఎవరూ లేరు, యాదగిరీ. అందరమూ ఓడ దిగినవారమే. కొందరు ముందు, కొందరు వెనుక."

యాదగిరి నా వైపు చూసి నవ్వాడు. మా ఇద్దరికీ ఆఫీసులో ఆంధ్రా, తెలంగాణ గిల్లికజ్జాలు ఎప్పుడూ ఉండేవి. ఆ రోజు మాత్రం వాటి జోలికి పోలేదు.

అప్పటినుంచి నేను ఆవిడను అనుకరించడం మానేశాను. మెల్లగా దగ్గరయ్యాను. ఏ వాక్యం రాసినా 'ఇది నీకెలా తెలుసు?' అని ఆవిడ గొంతు నాలో అడగడం మొదలైంది. పని తెలియడం అంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. ఒక ఆదివారం ఆవిడను కొండాపూర్‌లో మా ఇంటికి భోజనానికి పిలిచాను.

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి. రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. మంచివారు. అపార్టుమెంటులో ఎవరికి జ్వరమొచ్చినా ముందు మెట్లెక్కేది ఆయనే. ఆయనకొక విద్య ఉంది. కొత్త మనిషి కనబడితే ఏ ఊరంటారు, ఇంటిపేరంటారు, మూడో మాటలో కులమేదో తేల్చుకుంటారు, నాలుగో మాటకు చుట్టరికం కలిపేస్తారు. నోరు తెరిచి కులం అడగడం ఆయన మర్యాదకు తక్కువ. లిఫ్టు ఆరో అంతస్తుకు చేరేలోపు పని అయిపోయేది. చిన్నప్పటినుంచీ ఇది నాకొక గారడీలా సరదాగా ఉండేది.

దేవికగారి దగ్గర ఆ గారడీ పారలేదు. ఇంటిపేరేమిటమ్మా అంటే సింహాద్రి అన్నారు. అది ఇంటిపేరు కాదే, దేవుడి పేరు కదా అన్నారు నాన్న. అప్పుడు ఆవిడ చెప్పారు. తమ పూర్వీకుడు అక్కడ రేవులో దిగినప్పుడు తెల్ల గుమాస్తా పేరడిగాడట. సింహాద్రి అన్నాడు. వాళ్ళకు కావలసింది ఒక్క పేరే. ఆయన పేరే ఆయన పిల్లలందరికీ ఇంటిపేరయి కూర్చుంది. అసలు ఇంటిపేరు సముద్రంలో పడిపోయింది. ఊరేదో తెలియదు. ఇంటి ముందు నిలబడితే సింహాచలం కొండ కనబడేదని ఒక్కమాట తరాలుగా దిగివచ్చింది, అంతే. కులం కూడా ఎవరికీ గుర్తులేదు. అక్కడ అడిగితే తెలుగువాళ్ళం అంటారట, దాంతో సరి.

ఆవిడ తండ్రి ఆ దీవికి దక్షిణాన ఒక చెరకు ఊళ్ళో ఉంటారు. బడిపంతులుగా చేశారు. సాయంత్రాలు పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించింది ఆయనే. ఏటా రామభజనం నడిపేదీ ఆయనే. మధ్యలో దీపస్తంభం వెలిగించి, చుట్టూ తిరుగుతూ పాడతారట. పాటకు ముందు ఒక్కో కుటుంబం తన పెద్దల పేర్లు చెప్పుకుంటుంది. అక్కడ మా ఇంటిపేరు ఫలానా అని ఒక్కసారి చెప్పి పోవాలన్నది ఆయన కోరిక. మనిషి గుండెజబ్బుతో ఉన్నారు, వచ్చే భజన చూస్తారో లేదో తెలియదు. హైదరాబాదు వెళ్తావా అని కంపెనీ అడిగినప్పుడు దేవికగారు ఒప్పుకున్నది అందుకే.

"నాకు వదిలెయ్యమ్మా. నలభై ఏళ్ళు ఊళ్ళు పట్టుకు తిరిగినవాణ్ణి," అన్నారు నాన్న.

ఆవిడ లేచి ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టారు. ఆ సమయంలో అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, ఇంతకీ ఏమిట్లో ఏమైనా తెలిసిందా అని అడిగింది. ఆవిడకే తెలియదని చెప్పాను. అమ్మ కాఫీని మేము తాగే గ్లాసుల్లో పొయ్యలేదు. వచ్చేపోయేవాళ్ళకని పై అరలో ఉంచిన పింగాణీ కప్పు దించింది. విదేశం నుంచి వచ్చిన మనిషి కదా, గౌరవానికి అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సులువుగా ఉండింది.

కార్తీకంలో మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం. మారిషస్‌లో పూజ అయ్యాక అరటాకుల్లో ఏడు కూరలు వడ్డిస్తారని, వచ్చినవాళ్ళందరూ తలో చెయ్యీ వేసి వడ్డిస్తారని దేవికగారు ఎప్పుడో చెప్పారు. ఈసారి తనూ వడ్డిస్తానని ముచ్చటపడి అడిగారు. అమ్మ తప్పకుండా అంది. అన్నాక నాన్న మొహం చూసింది. నాలుగు రోజులు పోయాక నాన్న ఆవిడను ఇంటికి పిలిపించి, కుర్చీలో కుదురుగా కూర్చుని, దొరికిందమ్మా అన్నారు. తన పాత స్నేహితులను విచారించారట. సింహాచలం కొండకు ఇవతల, ఇప్పుడు ఊళ్ళో కలిసిపోయిన ఒక పేట. అక్కడినుంచి ఓడెక్కిన సింహాద్రి కుటుంబం ఒకటి ఉండేదట. ఇంటిపేరు గుమ్మడిపాటి. గోత్రం కూడా చెప్పారు. అది మా గోత్రమే.

"మీరు మనవాళ్ళేనమ్మా," అన్నారు నాన్న.

దేవికగారు ఆ పేరును మెల్లగా రెండుమూడుసార్లు పలికి, అక్కడే ఏడ్చేశారు. ఫోనులో తండ్రిని పిలిచారు. తెరమీద తెల్లగడ్డం, దళసరి కళ్ళద్దాలు. కూతురు చెప్పింది విని ఆ పెద్దాయన గుమ్మడిపాటి, గుమ్మడిపాటి అని, నాలుక మీద రుచి చూస్తున్నట్టు అన్నారు. మా నాన్నకు చేతులెత్తి మొక్కారు. నాకూ కళ్ళు తడిశాయి. నాన్నంటే ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. అమ్మయితే దేవికగారిని అప్పటికప్పుడు వంటింట్లోకి తీసుకెళ్ళి, పీట వేసి, స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చింది. మా ఇంట్లో స్టీలు గ్లాసు ఇంటివాళ్ళది.

వ్రతం నాడు ఆవిడ కొంగు బిగించి పప్పు వడ్డించారు. మా పెద్దత్తయ్య తన విస్తరి ముందుకు ఆవిడ రాగానే తలెత్తి, ఎవరమ్మా ఈవిడ అంది. గుమ్మడిపాటివారి పిల్ల అన్నారు నాన్న. అలాగా, ఇంకాస్త వెయ్యమ్మా అంది అత్తయ్య. దేవికగారి మొహంలో ఆ వెలుగు నేను ఇంకెప్పుడూ చూడలేదు.

మర్నాడు బాల్కనీలో నాన్న పేపరు చదువుకుంటుంటే, ఆ పేట గురించి ఎవరు చెప్పారో అడిగాను. ఆ చెప్పినాయన ఫోను నంబరు ఇస్తే దేవికగారు వెళ్ళి చూసొస్తారని నా ఉద్దేశం. నాన్న పేపరు దించకుండానే, ఎవరూ చెప్పలేదులే అన్నారు. ముందు నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక కూర్చున్నాను.

"అయితే ఆ ఇంటిపేరు?"

"ఏదో ఒకటి. బాగుంది కదా వినడానికి. ఎవరికి నష్టం చెప్పు? ఆ ముసలాయన సంతోషపడ్డాడు. మీ అమ్మకు మనసు కుదుటపడింది. అక్కయ్య ముందు ఏమిట్లో తెలియని మనిషి చేత ఎలా వడ్డించమంటావు?"

ఆయన జాలిపడి గొంతు తగ్గించి మిగతాది కూడా చెప్పారు. ఆ కాలంలో కూలికి ఓడెక్కి పోయినవాళ్ళు ఎలాంటివాళ్ళయి ఉంటారో తనకు తెలియదా అన్నారు. పాపం మంచిపిల్ల, ఆ సంగతి బయటపడకుండా మనలో కలుపుకున్నాం, పుణ్యమే కదా అన్నారు. నిజంగానే పుణ్యం చేసిన మనిషిలా ప్రశాంతంగా ఉన్నారు. చిన్నప్పుడు నాకు సైకిలు నేర్పిన చేతులు అవి. వాటిని చూస్తూ నేను పడ్డ సిగ్గుకు పేరు లేదు. నాన్న దుర్మార్గుడై ఉంటే తేలిగ్గా ఉండేది.

అక్కడ మారిషస్‌లో భజన రోజు దగ్గరపడుతోంది. ఆ పేరు దేవికగారి తండ్రి నలుగురిలో చెప్పేస్తే ఇక అది ఆ వంశానికి అంటుకుపోతుంది. మనుమలు, మునిమనుమలు దాన్నే చెప్పుకుంటారు. లేని తెగల గురించి నేను రాసిన నాలుగు వాక్యాలను కొట్టెయ్యడానికి ఒక మనిషి ఉంది. దీన్ని కొట్టేసేవాళ్ళెవరు? ఊరుకుంటే నాన్న పరువు నిలుస్తుంది, చెబితే ఆ పెద్దాయన సంతోషం పోతుంది. రెండు రోజులు ఆఫీసులో ఆవిడ కంట పడకుండా తిరిగాను. మూడో రోజు ఆవిడే నా దగ్గరికొచ్చి, ఒంట్లో బాగులేదా అని నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారు. ఇక ఆగలేక అదే చిన్నగదికి తీసుకెళ్ళి చెప్పేశాను.

ఆవిడ చాలాసేపు కిటికీలోంచి ఎదుటి టవర్ల కేసి చూశారు. తర్వాత ఎందుకు అని అడిగారు. మీ నాన్నగారిని సంతోషపెట్టడానికి అన్నాను. అది ఒక కారణము, రెండవది చెప్పమన్నారు. నేను నేలచూపులు చూశాను.

"వడ్డన కొరకా?"

తల ఊపాను. ఆవిడ మొహం నల్లబడింది. ఒక్కమాట మాత్రం, తెలియదు అని చెప్పడానికి మీ దేశంలో ఎందుకింత భయమని, తనలో తాను అనుకుంటున్నట్టు ఇంగ్లీషులో అన్నారు. మీ దేశం అనడం అదే మొదటిసారి. అంతకుముందు ఎప్పుడూ మన దేశం అనేవారు.

అక్కడే, నా ఎదురుగానే తండ్రికి ఫోను చేశారు. కొంత తెలుగులో, కొంత వాళ్ళ దీవి భాష క్రియోలులో చెప్పారు. నన్ను బయటికి పొమ్మనలేదు, నేను వెళ్ళలేకపోయాను. అవతల ఆయన ఊపిరి వినబడుతోంది. చివరికి ఆయన అడిగారు.

"ఆ ఇంట్లో నీకు అన్నం పెట్టినారా?"

"పెట్టినారు, నాన్నా."

"అయితే వాళ్ళనేమీ అనవద్దు. మేము సింహాద్రివాళ్ళమే. అట్లాగే చెప్పుదును."

ఫోను పెట్టేశాక దేవికగారు కళ్ళు తుడుచుకుని, బెల్జియం పుస్తకం ఎంతవరకు వచ్చిందని నన్నడిగారు. ఆ సాయంత్రం దాకా ఇద్దరం బెల్జియం మీదే పనిచేశాం. నన్ను దూరం పెట్టలేదు. మిగిలిన నెలల్లోనూ అంతే శ్రద్ధగా నేర్పారు. నాలో ఈ పనికి పనికొచ్చేది ఏముందో అది ఆవిడ పెట్టిందే. మా ఇంటికి మాత్రం మళ్ళీ రాలేదు, నేనూ పిలవలేదు. ఏ మొహం పెట్టుకుని పిలుస్తాను? ఇంట్లో నేను నాన్నతో గొడవపడ్డాను. నిజం చెప్పేశావా అని ఆయన నొచ్చుకున్నారు. కన్నతండ్రిని బజారున పెట్టానని అమ్మ వారం రోజులు నాతో ముభావంగా ఉంది.

భజన రోజున ఆ పెద్దాయన అన్నమాట ప్రకారమే చెప్పారట. ఎండాకాలం రాకముందే పోయారు. దేవికగారు వెళ్ళి, కర్మలు ముగించుకుని తిరిగొచ్చి మిగిలిన పని పూర్తిచేశారు. ఆఖరుకు తిరుగు ప్రయాణం నిశ్చయమయ్యాక ఒక సాయంత్రం, పెద్దవారిని చూడకుండా పోకూడదని తనంతట తానే మా ఇంటికి బయల్దేరారు. నేను వెంట ఉన్నాను.

బెల్లు కొడితే అమ్మ తలుపు తీసింది. వెనకాల హాల్లో నాన్న నిలబడ్డారు. నేను ఇంటిపిల్లను కాబట్టి చెప్పులు విప్పి గబుక్కున లోపలికి వెళ్ళి అమ్మ పక్కన నిలబడ్డాను. దేవికగారు గడప దాటలేదు. చేతులు జోడించి, పాఠం అప్పగించే పిల్లలా స్పష్టంగా అన్నారు.

"అమ్మగారూ, మా ఇంటిపేరు తెలియదు. కులము తెలియదు. లోపలికి రావచ్చునా?"

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నాకు ఇంత గుర్తుండేది కాదు. ఆవిడ నిజంగానే అడుగుతున్నారు. మమ్మల్ని మేము ఉన్నట్టుగా ఒక్కసారి చూసి వెళ్దామని, తనను తాను ఉన్నట్టుగా ఒక్కసారి చూపిద్దామని వచ్చినట్టున్నారు.

అమ్మ వెనక్కి తిరిగి నాన్న కేసి చూసింది. ఎవరితోనైనా చుట్టరికం కలపగల మా నాన్న గోడ కేసి చూశారు. అమ్మ మళ్ళీ ఇటు తిరిగి, అదేం మాటమ్మా, రా లోపలికి అంది. ఆవిడ వచ్చారు, కూర్చున్నారు, కాఫీ తాగారు, వాళ్ళిద్దరి కాళ్ళకూ దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. అమ్మ ఆ తర్వాత చాలాసార్లు, పిలిచాం కదే, ఏం తక్కువ చేశాం అని నన్నడిగింది. అమ్మను తప్పుపట్టే అర్హత నాకుంటే కదా.

ఎందుకంటే అమ్మ అటు తిరిగి చూసిన ఆ రెప్పపాటులో నేనూ అక్కడే ఉన్నాను. గడపకు ఇవతల, దేవికగారికి చెయ్యి అందేంత దూరంలో. ఆవిడ దగ్గర అంతా నేర్చుకున్నదాన్ని, నిజం చెప్పేశానని లోలోపల కాస్త గొప్పగా కూడా ఉన్నదాన్ని. ఆ ఇల్లు నా జీతంతో కొన్న ఇల్లు. తలుపు పక్కన పలక మీద ఉన్నది నా పేరు. రండి అని నేను అనవచ్చు. అది నాకు తోచనే లేదు. అమ్మ ఏమంటుందో అని నేను కూడా అమ్మ మొహమే చూస్తూ నిలబడ్డాను. తల తిప్పి చూస్తే, దేవికగారు చూస్తున్నది అమ్మను కాదు, నన్ను.